కాన్‌బె గారి పన్నెండో ట్యాంకు

మంగళవారం ఉదయం పది గంటలకు కాన్‌బె తొకుజో చేతిలో స్ప్రే గన్‌తోనే నేలకొరిగాడు. ముఖానికి మాస్కు ఉంది. వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుపోవడంతో రంగులేని క్లియర్ పూత అంతా నేల మీదికి చిమ్మింది. డాక్టర్ వచ్చి, గుండెపోటు అని రాసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి వర్క్‌షాపులో ఫోన్ మోగింది. మూడు వారాలుగా అక్కడ కూలీ వేషంలో ఉన్న ఏజెంట్ హగివారా రిసీవర్ ఎత్తాడు. అవతల చీఫ్ మురోయ్.

"కాన్‌బె ముసలాయన సోమవారం ఒక్క ముక్క కబురు పంపాడు. పెట్టేశానని. ఏ ట్యాంకు పూత కింద పెట్టాడో చెప్పలేదు."

"ఏం పెట్టాడు సార్?"

"మైక్రోఫిల్ము. ఆవగింజలో సగం ఉంటుంది. సముద్రం అవతల పనిచేస్తున్న మన పదకొండు మంది పేర్లు. నాలుగింటికి షిమిజు రేవు నుంచి ‘కొంగ’ ముఠా ఓడ కదులుతోంది. ఫిల్ము అది ఎక్కిందంటే పదకొండు మందికీ నూకలు చెల్లినట్టే. ఏడో పేరు ఎవరిదో నీకు తెలుసు."

తెలుసు. ఫుమియె. హగివారాకు సొంత అక్క. అన్నం తినేటప్పుడు చాప్‌స్టిక్స్ సరిగా పట్టుకోలేదని ఇప్పటికీ ఉత్తరాల్లో తిడుతుంది.

"టోక్యో నుంచి మన ఆఫీసు తరఫున లైజన్ ఆఫీసర్ ఒకామె వస్తోంది. సంకేతం చెబుతుంది. సహకరించు," అని చీఫ్ పెట్టేశాడు.

హగివారా ర్యాకు వైపు తిరిగాడు. పన్నెండు మోటార్‌సైకిల్ ట్యాంకులు. వేటికీ రంగు లేదు. సానపట్టిన వట్టి ఉక్కు, దాని మీద కంటికి కనబడని పూత. ఆ పూతే లేకపోతే ఈ హమమత్సు ఊరి వానలకు వారంలో ఎర్రబడిపోతాయి. పదకొండు అద్దాల్లా ఉన్నాయి. పన్నెండోదాని మూత పక్కన పొద్దున్నే ఒక బొటనవేలి ముద్ర బయటపడింది. గోధుమరంగు తుప్పు దారాలు దారాలుగా పాకుతోంది.

హగివారాకు సిగ్గేసింది. ఈ మూడు వారాల్లో ముసలాయన అతణ్ని తిట్టని పూట లేదు. "ఒరేయ్ దున్నపోతా, గ్లవ్స్ ఏవిరా? వట్టి ఇనుము మీద చెయ్యేస్తే చెమటలో ఉప్పు పూత కింద ఇరుక్కుంటుంది. నాలుగు రోజులకి నీ దరిద్రం ఊరంతా చూస్తుంది!" అని వెదురు బద్దతో వేళ్ల మీద కొట్టేవాడు. ఇది తన నిర్వాకమే అనుకుని, హగివారా ఆ ట్యాంకును ర్యాకు చివరికి నెట్టేశాడు.

పన్నెండున్నరకు వ్యాను ఆగింది. ముత్యాల రంగు రెయిన్‌కోటు, చేతిలో నల్ల గొడుగు, పెదవులకు ఎర్ర లిప్‌స్టిక్. వెనకాల పెట్టె లాంటి మనిషి ఒకడు.

"ఈ వాన ఎప్పుడు తగ్గుతుంది?" అందామె.

"ఎండుచేపలు అమ్మేవాణ్ని అడగండి."

"వాడు గొడుగులు కూడా అమ్ముతాడట." సంకేతం సరిపోయింది. "సెగావా కయోకో. ఏడిపించకుండా సరుకు చూపించు."

ఆమె పెన్ను తీసి మీట నొక్కింది. ఊదా కాంతి ట్యాంకుల మీద జారింది. మెరుపు తప్ప ఏమీ కనబడలేదు.

"లాబ్‌లో పూత ఊడదీసి వెతుకుతాం. అన్నీ వ్యాను ఎక్కించు," అంది తన మనిషితో. పన్నెండోదాన్ని చూసి మూతి విరిచింది. "ఛీ, ఇదేంటి? ఇలాంటి పని మా నాన్న షాపులో చేసుంటే చెయ్యి నరికేవాడు. దీన్ని పూత కరిగించే మందు తొట్టెలో పడెయ్. మచ్చ సరుకు కనబడితే కస్టమ్స్ వాళ్లు అన్ని పెట్టెలూ విప్పుతారు."

కస్టమ్స్! టోక్యో లాబ్‌కు వెళ్లే దారిలో కస్టమ్స్ ఎక్కడిది? హగివారా ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. తొట్టె మూత తీశారు. ఘాటు ముక్కులు కోసేసింది. అతను కొక్కేనికి వేలాడుతున్న కాన్‌బె మాస్కు తీసి మర్యాదగా ఆమె ముఖం దగ్గర పెట్టాడు.

"పెట్టుకోండి మేడం. కళ్లు మండుతాయి."

ఆమె పాము మీద పడ్డట్టు వెనక్కి గెంతింది.

"ఏంటమ్మా, అంత భయం? ఇందులో ఏం పూయించావు? గుండెపోటు అంటుకుంటుందా?"

"తెలివి ఎక్కువైంది నీకు," అంది కయోకో. గొడుగు మొన అతని ఛాతీకి గురిపెట్టి ఉంది. మొన చివర చిన్న రంధ్రం. "ముసలాడికి నోరెక్కువ, నీకు కళ్లెక్కువ. నాలుగింటికల్లా ఆ పదకొండు పేర్లూ నావి. మీ అక్క కూడా అందులో ఉందని ఆఫీసులో చెవిన పడింది, ముందు ఆమె సంగతే చూడమని చెప్తాలే."

హగివారా ఒళ్లు మండిపోయింది. అంత కోపంలోనూ అతని చూపు ఆమె మనిషి చేతుల్లోని ట్యాంకు మీద పడింది. తుప్పు ముద్ర మీదుగా ఐమూలగా ఒక సన్నని గీత. అది తన వేలు కాదు. ఎప్పుడో రేకు కోసి చీలిన మచ్చ ఉన్న బొటనవేలు ఈ షాపులో ముసలాయన ఒక్కడిదే.

నలభై ఏళ్లలో వట్టి ఇనుమును ఒట్టి చేత్తో ముట్టని మనిషి, పోయే ముందు రోజు కావాలని వేలు నొక్కాడు. పనివాడన్నవాడు ఎవడు చూసినా ఆ ట్యాంకును తీసి అవతల పారేస్తాడు. ఎత్తుకుపోడు.

ట్యాంకు తొట్టె అంచు దాటింది.

హగివారా మాస్కును కయోకో ముఖానికేసి కొట్టాడు. ఆమె కెవ్వుమని తల తిప్పింది. గొడుగులోంచి పేలిన గుండు పైకప్పుకు తగిలింది. అతను బల్ల మీది స్ప్రే గన్ అందుకుని ఆమె కళ్లల్లోకి క్లియర్ వదిలాడు. ఉలిక్కిపడ్డ పెట్టె మనిషి చేతుల్లోంచి ట్యాంకు జారింది; హగివారా ఒక్క దూకు దూకాడు. మందు నీటికి జానెడు పైన ట్యాంకు అతని చేతుల్లో పడింది. ఆ ఊపులోనే దాన్ని తిప్పి పెట్టె మనిషి దవడ మీద ఒక్కటిచ్చాడు. వాడు కూలబడ్డాడు. కళ్లు మూసుకుని తిడుతున్న కయోకోను గాలి గొట్టంతో స్తంభానికి కట్టేశాడు.

"నీకు పుట్టగతులుండవురా!" అని అరిచింది.

"మా అక్క కూడా అదే అంటుంది," అన్నాడు హగివారా.

బొటనవేలి సుడి మధ్య, తుప్పు చుక్కల్లో ఒక చుక్క మాత్రం నల్లగా ఉంది. బ్లేడుతో పూత గీరి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. నేల మీద గట్టిపడిన పూత పక్కన కూర్చుని, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

మూడున్నరకు చీఫ్ వచ్చాడు. ఫిల్మును భద్రంగా డబ్బాలో పెట్టుకుని, ట్యాంకును వెలుతురులో తిప్పి చూశాడు.

"ముసలాయనది ఒక్క వేలే. మరి ఈ మిగతా పది వేళ్ల ముద్రలూ ఎవరివయ్యా?"

హగివారా తన ఒట్టి చేతులు చూసుకుని, గబుక్కున వెనక్కి దాచుకున్నాడు.