ఏ మందు?

స్టోర్ కీపర్ మంచం మీదే చనిపోయి ఉన్నాడని పోలీసులకు తెలిసింది ఉదయం ఆరున్నరకి.

ఎందుకు చనిపోయాడో పత్రికాఫీసుకి పదకొండుకల్లా తెలిసిపోయింది.

"గోడౌన్ చోరీ కేసు: విషం తాగిన స్టోర్ కీపర్."

హెడ్డింగ్ చదివి ఆమె కళ్ళజోడు తీసింది. అచ్చుకెళ్ళే ప్రతి వాక్యాన్నీ సరిచూడటం ఆమె ఉద్యోగం. ఎవరేం రాసుకొచ్చినా ముందు "నిజమేనా?" అని అడుగుతుంది. అందుకే ఆఫీసులో అందరికీ ఆమె 'నిజమేనా మేడమ్'.

"విషం అని ఎవరు చెప్పారు?"

"వాళ్ళక్క," అన్నాడు క్రైమ్ రిపోర్టర్. "రికార్డింగ్ ఉంది మేడమ్. ఈసారి మీకు దొరకను."

ఫోన్ నొక్కాడు. ఆడగొంతు. ఏడుపు లేదు. ఎండిపోయినట్టుంది.

"రాత్రి మందు తాగి పడుకున్నాడండీ. తెల్లారి లేపితే లేవలేదు."

"ఇందులో విషం ఎక్కడుంది?"

"అయ్యో మేడమ్! చోరీ కేసులో పోలీసులు రెండుసార్లు స్టేషన్‌కి పిలిచారు. పరువు పోయింది. మందు తాగాడు. ఇంకా విడమరిచి చెప్పాలా?"

"మొన్న ఫంక్షన్‌లో ఎడిటర్‌గారు మందు తాగారని నువ్వే చెప్పావు. నిక్షేపంలా ఉన్నారుగా?"

రిపోర్టర్ నవ్వబోయి ఆగిపోయాడు.

"పద. పేజీ అచ్చుకి వెళ్ళేది నాలుగింటికి కదా," అంటూ ఆమె లేచింది.

స్టోర్ కీపర్‌ది రెండు గదుల వాటా. ఎస్సై అప్పటికే అక్కడున్నాడు.

"లేబుల్ ఊడిపోయిన సీసా దొరికింది, ల్యాబ్‌కి పంపాం. పోస్టుమార్టం జరుగుతోంది. సూసైడే అనుకోండి. తప్పు చేశాడు, భయపడ్డాడు."

అక్క గోడకి జారగిలబడి ఉంది. పక్కింటావిడ ఎవరో తన శాలువా తీసి ఆమెకి కప్పి, మాట్లాడకుండా పక్కన కూర్చుంది.

మేడమ్ నేల మీదే కూర్చుంది. "ఏ మందమ్మా తాగింది?"

"దగ్గు మందు."

ఎస్సై గిరుక్కున తిరిగాడు. "పొద్దున చెప్పలేదేం?"

"మీరడగలేదు బాబూ. మందు తాగాడా అన్నారు. తాగాడన్నాను." ఆమె గొంతు తగ్గింది. "తర్వాత అందరూ విషం విషం అంటుంటే నాకూ గుండె జారింది. అందులో ఏమన్నా కలుపుకున్నాడేమో. రాత్రి నేనే తిట్టాను. నీ దగ్గుతో కంటిమీద కునుకు లేదురా, ఎక్కడికన్నా పోరాదూ అన్నాను."

అక్క మేడమ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పమ్మా. నా మాటకే పోయాడా?"

తెలియని సంగతి చెప్పడం, ఓదార్పు కోసమైనా, మేడమ్‌కి చేతకాదు. మెల్లగా చెయ్యి విడిపించుకుని మంచం దగ్గరికెళ్ళింది.

పక్కన స్టూలు. దాని మీద ప్లాస్టిక్ మూత, వెల్లకిలా.

"ఇది ఆ సీసాదేనా ఎస్సైగారూ?"

"మూతే కదండీ."

"ముట్టుకోకుండా లోపలికి చూడండి."

ఎస్సై వంగాడు. రిపోర్టరూ వంగాడు. లోపల జిగటగా ఎండిన ఎర్రటి చార. సరిగ్గా పది ఎమ్మెల్ గీత మీద.

"సీసాలో ఎంత మిగిలింది?"

"దాదాపు నిండుగానే ఉంది."

"చావాలనుకున్నవాడు సీసా ఎత్తి గటగటా తాగేస్తాడు. ఈయన గీత చూసి కొలుచుకున్నాడు. అంటే రేపటికి దగ్గు తగ్గాలనుకున్నాడు. మనమంతా సీసా వెంట పడ్డాం. మూత ఎవరూ చూడలేదు."

ఎస్సై ఫోన్ మోగింది. విన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గుండెపోటట. నిద్రలోనే. ల్యాబ్ రిపోర్ట్ రావాలి గానీ, విషం ఛాయలే లేవంటున్నారు డాక్టర్‌గారు."

"చోరీ సంగతి?"

"అది ఇంకా తేలలేదు."

రిపోర్టర్ గుమ్మం బయటికెళ్ళి ఆఫీసుకి ఫోన్ చేశాడు. "ఆ ఐటమ్ తీసేయండి... మార్చడం కాదన్నా. తీసేయండి."

మేడమ్ మళ్ళీ వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"మీ మాటకి పోలేదమ్మా. గుండె ఆగిపోయింది."

ఆమె తల ఊపింది. నమ్మినట్టు లేదు.

"మందు తాగాడని మీకెలా తెలుసు? చూశారా?"

"లేదు. ఈ గదిలోంచి వాడే అన్నాడు. 'తాగుతున్నాలే అక్కా, ఇక పడుకో' అని."

"తర్వాత దగ్గాడా?"

"లేదు. నాకు నిద్ర పట్టేసింది."

ఆ మాట తన నోటితో తనే విని ఆమె ఉలిక్కిపడింది. మంచం వైపు చూసింది.

"వాడికా వాసనే గిట్టదమ్మా. సీసా కొనిచ్చి నెలయింది. బతిమాలాను, బెదిరించాను. నిన్నటిదాకా సీలు కూడా తియ్యలేదు."

పొద్దుటినుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"నా కోసం తాగాడు వెధవ."