హెడ్‌ఫోన్స్‌లో ఆగిపోయిన మాట

ముందు మీరేం చూశారో చెప్పండి. వాళ్ళూ వీళ్ళూ అన్నది వద్దు, మీ కళ్ళతో చూసింది చెప్పండి. రికార్డుల ఆఫీసులో మెట్లు దిగాక, వరండా చివరనున్న గది...

చూడలేదు కదా! ఎవరూ చూడలేదు. అందరూ విన్నవాళ్ళే. చీకటి పడ్డాక, మూసిన తలుపు వెనక, ఆడమనిషి గుసగుస. మనిషి ఉండదు... మాట ఉంటుంది. అందుకే దీపాలు పెట్టే వేళకి ఆ వరండా ఖాళీ అయిపోయేది.

ఆ గదిలో పనిచేసే ఆపరేటర్ మాత్రం ఈ మాటలకు పడీ పడీ నవ్వేవాడు. పాత డిజిటల్ టేపుల్లోని గొంతుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం అతని ఉద్యోగం. గంట టేపుకు గంటసేపు పడుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినాలి. చేతుల పని ఏమంత లేదు. వినడమే పని.

ఆ సాయంత్రం ఎక్కించాల్సింది ఒక మిల్లు కార్మికురాలి టేపు. బాయిలర్ పేలి ఆమె భర్త పోయాడు. సమ్మె రోజుల్లో యూనియన్ వాళ్ళు ఆమెను కూర్చోబెట్టి మాట్లాడించారు. ఇప్పుడు ఆమే లేదు. ముందురోజు ఆమె కూతురు, బట్టలు కుట్టుకుని బతికే మనిషి, గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"నాన్న ఎలా పోయాడో అమ్మ మాకెప్పుడూ నోరు విప్పి చెప్పలేదన్నా. ఇందులో చెప్పిందట. ఒక్కసారి వినిపిస్తావా?"

"ఎల్లుండి పొద్దున రా తల్లీ. నాదీ పూచీ" అన్నాడు.

టేపు పెట్టాడు. ముసలి దగ్గు వినబడింది. విసుగేసింది. హెడ్‌ఫోన్స్ తీసి కంప్యూటర్ పక్కన పడేసి, టీకి పోయాడు.

తిరిగొచ్చేసరికి వాచ్‌మన్ తాత తలుపు ముందు బిగుసుకుపోయి ఉన్నాడు.

"బాబూ... లోపల ఎవరో..."

అతనూ చెవి ఆనించాడు. నిజమే. సన్నగా... గుసగుసగా... ఏదో చెప్పుకుపోతోంది. దగ్గింది. మళ్ళీ చెబుతోంది.

తలుపు తోశాడు—

ఎవరూ లేరు. బల్ల మీద హెడ్‌ఫోన్స్. మాట అందులోంచి కారుతోంది.

"ఇదిగో తాతా నీ దెయ్యం! సంబంధం మాట్లాడమంటావా?"

"నవ్వకు బాబూ. పాపం, ఏదో చెప్పుకుంటోంది. విను."

విన్నాడా? లేదు. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు ఇలాగే టేపు తిరుగుతుండగా వదిలేసి పోవడం వల్లే ఆ గదికి చెడ్డపేరు వచ్చిందని తెలిసింది కదా, ఆ ముచ్చట చెప్పడానికి బావమరిదికి ఫోన్ చేశాడు. తెర మీద, శబ్దం పడుతోందని చూపే పచ్చగీత ఎగురుతోంది. టేపు చక్కగా ఎక్కుతోందనుకున్నాడు.

టేపు అయిపోయింది. వెనక్కి తిప్పుతుంటే లోపల చిక్కుకుని నలిగి తెగింది. పాతది, దాని ఆయుష్షు అంతే. కంప్యూటర్‌లో ఉందిగా అని ధీమాగా ఫైలు తెరిచి, మధ్యలో ఒకచోట నొక్కాడు.

"ఒరే బామ్మర్దీ! ముసలిది ఒకటే సోదిరా. ఎవడు వింటాడ్రా దీన్ని..."

తన గొంతే.

మధ్యాహ్నం ఆ కంప్యూటర్‌లోనే ఎవరితోనో మాట్లాడి, మైకు అలాగే వదిలేశాడు. టేపు నుంచి వచ్చే తీగ వైపు మార్చనేలేదు. కంప్యూటర్ రికార్డు చేసింది టేపును కాదు... గదిని. పచ్చగీత ఎగిరింది తన మాటలకి.

సిగ్గుతో చచ్చిపోయాడు. తుడిచేద్దామని చెయ్యి వెళ్ళింది. అంతలో తన గొంతు అడుగున, దుమ్ములాగా, ఆమె గుసగుస తగిలింది. హెడ్‌ఫోన్స్ లోంచి కారినంత మేరకు మైకు పట్టుకుంది. ఆ తల్లి మాటలకు లోకంలో మిగిలిన చోటు అదొక్కటే.

శబ్దం పెంచాడు. ఊపిరి బిగబట్టి, ఇప్పుడు విన్నాడు.

"...చెయ్యి పట్టుకున్నాను. ఒళ్ళంతా కాలిపోయింది. నన్ను చూసి ఆఖరుగా ఏమన్నాడంటే—"

అక్కడ తన నవ్వు. పగలబడి నవ్వుతున్నాడు.

నవ్వు ఆగింది. గుసగుస వినబడింది.

"నీ మాట కానివ్వు నాయనా... నేను ఆగుతాను."

ఆ తర్వాత ఏమీ లేదు. టేపు తిరుగుతున్న చప్పుడు. పైన తన కబుర్లు. చివరిదాకా ఆమె మళ్ళీ నోరెత్తలేదు.

ఆ మాట, టేపు చేసిన రోజున ఎదురుగా కూర్చున్న యూనియన్ మనిషితో అనుంటుంది అంటారు కొందరు. అయ్యుండొచ్చు. నేనేం వాదించను. అతను మాత్రం ఆ కుర్చీలోంచి లేవలేదు.

తెల్లారింది. కూతురు వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. చాలాసేపు విని, తలెత్తి అడిగింది.

"అమ్మ చెబుతుంటే అలా నవ్వింది ఎవరు, అన్నా?"

అతని స్థానంలో మీరుంటే, ఏమని చెబుతారు?