పదకొండో పేజీ

"మీరు చేసిన వెబ్‌సైట్‌లో కొత్త చీరలు ఎక్కడున్నాయో నాకే దొరకడం లేదండీ," అంది హర్షిత ఫోన్లో.

"పదకొండో పేజీలో ఉన్నాయండి," అన్నాడు జయంత్, రాజమండ్రి నుంచి.

"అన్ని పేజీలు తిప్పే తీరిక ఎవరికుందండీ?"

"నాకుందండి," అనేశాడు జయంత్.

పాలకొల్లులో వెంకటరత్నం గారిది ఏళ్లనాటి బట్టల కొట్టు. కొత్త సరుకు దిగిన రోజున ఆయన భార్య సంపూర్ణమ్మ గారు ఒక చీర మడత విప్పి, భుజాన వేసుకుని, గుమ్మానికి ఎదురుగా కూర్చునేవారు. వచ్చినవాళ్ల చూపు ముందు దానిమీదే పడేది. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు కొత్త చీరలు అడిగితేనే బీరువా దిగుతున్నాయి.

ఆ లోటు తీరుతుందనే వాళ్ల కూతురు హర్షిత, తండ్రిని ఒప్పించి వెబ్‌సైట్ పెట్టించింది. ప్రతి చీర ఫొటో కింద రెండు వాక్యాలు రాసేది. ముందొచ్చిన చీర ముందుండడమే కొట్టు పద్ధతని వెంకటరత్నం గారు పట్టుబట్టడంతో, కొత్తవన్నీ చివరికి చేరాయి. దసరాలోపు ఒక్క చీరైనా కదలకపోతే వెబ్‌సైట్‌నే మూసేద్దామని కూడా ఆయన చెప్పేశారు. మూసేస్తే జయంత్‌కు ఫోన్ చేయడానికి వంక ఉండదు. ఆ సంగతి హర్షిత ఎవరికీ చెప్పలేదు.

గురువారం జయంత్ వానలో తడిసి వచ్చాడు. ఇకమీదట ఆ రోజు చేర్చింది మొదటి పేజీలో పైనే కనబడుతుందనీ, నంబరిచ్చిన ఖాతాదారులకు వాట్సాప్‌లో కబురు వెళ్తుందనీ వివరించాడు. వెంకటరత్నం గారు సరేనన్నారు. సోమవారం నుంచి మొదలన్నాడు జయంత్.

వెళ్లబోతూ ఆగాడు. "ఆ ఇటుకరంగు చీరకి గోదారి కొత్తనీటి రంగని రాశారు కదండీ. నిజమో కాదో చూద్దామని గట్టుకెళ్లానండి."

"ఏంటి, నిజమేనా?"

"ఆ రంగేనండి."

ఆదివారం పొద్దున హర్షిత ఒక చీర ఫొటో చేర్చి, దాని కింద ఇలా రాసింది: "పదకొండో పేజీ దాకా వచ్చే మనిషికి. ఈ వెబ్‌సైట్ మూసేసినా మీరు ఫోన్ చేయడం మానొద్దు." కొత్త పద్ధతి సోమవారం నుంచే కదా, అంతదూరం అతనొక్కడే వస్తాడని ఆమె ధైర్యం.

ఆమెను ఆశ్చర్యపరుద్దామని జయంత్ శనివారమే పని ముగించాడు. ఆ రెండు వాక్యాలూ మొదటి పేజీ నెత్తిన కూర్చోవడమే కాదు, మూడువందలమంది ఫోన్లకూ వెళ్లాయి. భీమవరం నుంచి పాత ఖాతాదారు నూకరత్నం గారు ఫోన్ చేసి, ఆ మనిషి ఎవరండీ అని నేరుగా వెంకటరత్నం గారినే అడిగారు.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. హర్షిత తలెత్తలేదు. అంతలో ఆమె ఫోన్ మోగింది.

"తప్పు నాదేనండి. తీసేయనా?" అన్నాడు జయంత్.

"ఊరంతా చదివేశారు. మీరు చదివారా?"

"చదివానండి. మానడం నావల్ల కాదండి."

వెంకటరత్నం గారు చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నారు. "బాబూ, వచ్చే ఆదివారం మీ పెద్దవాళ్లని తీసుకురా. భోజనాలు మా ఇంట్లోనే." పెట్టేసి, కూతురికేసి తిరిగారు. "మూసేయడం సంగతి మర్చిపో. ఎటూ ఇంతమంది చూడ్డానికి వస్తున్నారు. బీరువాలో ఉన్న కొత్త చీరలన్నీ నువ్వు రాసిన ఆ ఉత్తరం కిందే పెట్టమ్మా."