పెళ్లి ఆ రోజే

రేడియోలో పొద్దున్నే వచ్చే ‘ఈ రోజు’ కార్యక్రమం రాసేది నేను. చదివేది ఆమె. చేరిన మొదటి రోజే నా స్క్రిప్టును తలకిందులు చేసి చదివింది.

మా స్టేషన్లో దానికో పద్ధతి ఉంది. ఆ తేదీన పుట్టిన ప్రముఖులు ముందు, సంఘటనలు మధ్యలో, పోయినవాళ్లు చివర. ఆ తర్వాత కాస్త వయొలిన్. నాకంటే ముందు రాసినాయన పెట్టిన వరస అది, మేనేజర్‌కి అదంటే ప్రాణం. ఈవిడగారు పోయినవాళ్లతో మొదలుపెట్టి పుట్టినవాళ్లతో ముగించింది. చివరి పేరు ఎవరో గణిత శాస్త్రజ్ఞుడిది. అది చదివేటప్పుడు ఆమె గొంతులో నవ్వు కూడా ఉంది.

నేను ఒంటికాలి మీద లేచాను. స్టూడియో తలుపు దగ్గరే కాపు కాసి, ఒకళ్లు రాసిన వరసని మార్చే హక్కు చదివేవాళ్లకి లేదని గట్టిగానే అన్నాను. ఆమె హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుని నన్ను ఎగాదిగా చూసింది.

“పొద్దున్నే చావు కబురు చెప్పి వదిలేస్తే, విన్నవాళ్లు ఆఫీసుకెలా వెళ్తారు క్యాలెండర్ గారూ?”

సాయంత్రానికల్లా ఆ పేరు స్టేషనంతా పాకింది. క్యాంటీన్‌లో టీ ఇచ్చే ఆయన కూడా క్యాలెండర్ గారికి చక్కెర తక్కువేనా అని అడిగాడు.

మర్నాటి నుంచి ప్రతి అంశానికీ ఎర్ర పెన్నుతో నంబరు వేశాను. చూసింది, ఖాతరు చేయలేదు. మేనేజర్ పిలిచి చివాట్లు పెడితే బుద్ధిగా తలూపి, మర్నాడు మళ్లీ అంతే. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పైగా శ్రోతల్లో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. ఒప్పుకోవడానికి ఒళ్లు మండింది గానీ, ఆమె చదివాక నాకూ రోజు బాగానే మొదలయ్యేది. కొన్నాళ్లకి ఆమె గొంతులో ఆ నవ్వు కోసమే మంచి మంచి పుట్టుకలు వెతకసాగాను. రాజులూ సేనాపతులూ తగ్గారు. పడవలు చేసినవాళ్లు, తోటలు పెంచినవాళ్లు వచ్చి చేరారు. ఆమె ఇట్టే కనిపెట్టేసింది, కానీ నన్ను ఏడిపించడం మాత్రం మానలేదు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. బస్టాపులో మా ఇద్దరికీ ఒకటే గొడుగు, అదీ ఆమెది. మీ పుట్టినరోజు ఎప్పుడో చెబితే ప్రముఖుల్లో చేర్చేస్తానని వేళాకోళమాడాను. ఆమె నవ్వలేదు. వాన వంక చూస్తూ, తను పుట్టిన రోజే వాళ్లమ్మ పోయిందని చెప్పింది.

వాళ్ల నాన్న టైలరు. ఏటా ఆ రోజు షాపు మూసి, భార్య ఫొటో ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటాడట. చుట్టాలు వచ్చి కళ్లొత్తుకుని వెళ్తారట. ఈ అమ్మాయి పుట్టింది కూడా ఇవాళేనని ఒక్కరూ అన్న పాపాన పోలేదు. నాన్న చెడ్డవాడేం కాదు, ఏడాదంతా అరచేతుల్లో పెట్టుకుని చూస్తాడు, ఆ ఒక్కరోజు మాత్రం నేనున్నట్టే గుర్తుండదు అంది. ఆమె పుట్టినవాళ్లని చివరికి ఎందుకు తెస్తోందో నాకప్పుడు అర్థమైంది. నా ఎర్ర పెన్ను తలుచుకుంటే సిగ్గేసింది.

ఏం చెప్పి ఓదార్చాలో తోచక, పెళ్లి చేసుకుందామా అని అడిగేశాను. అంత తెలివితక్కువగా ఎవరూ అడిగి ఉండరు. ఆమె గొడుగు నా వైపు జరిపింది.

“చేసుకుందాం. కానీ నా పుట్టినరోజునే.”

షాపులో వాళ్ల నాన్న కాలరు కుడుతూనే నా మాటలన్నీ విన్నాడు. నా మీద అభ్యంతరమేమీ లేదన్నాడు, టీ తెప్పించాడు. తేదీ వినగానే మిషను ఆపేశాడు. ఏడాదిలో ఇంకే రోజైనా సరే, ఆ రోజు మాత్రం ఏ శుభకార్యానికీ గడప దాటనన్నాడు. ఆమె ఆ రోజే అంది. తండ్రి మొండితనం కూతురికి పొల్లుపోకుండా వచ్చిందని నాకు తెలిసిపోయింది.

బయటికొచ్చాక నేను పెద్దమనిషి తరహాలో, పోనీ మర్నాడు పెట్టుకుందాం, ఒక్కరోజే కదా తేడా అన్నాను. ఆమె నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

“మీరు కూడా నన్ను పక్కకి జరుపుతున్నారా? నేను పుట్టింది ఆ రోజేనండీ, నాకు వేరే రోజు లేదు. నాన్న రాకపోతే ఏడుస్తాను. ఏడుస్తూనే సంతకం పెడతాను. మీకు భయమైతే ఇప్పుడే చెప్పండి.”

నాలుక కరుచుకున్నాను. భయమేం లేదని బొంకాను. నిజానికి చాలా భయమేసింది, ఆమెని పోగొట్టుకుంటానేమోనని.

ఆ రోజు రానే వచ్చింది. రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షులుగా మా అక్క, బావ, మా మేనేజర్. ఆమె తరఫున ఎవరూ లేరు. గుమ్మం వైపు చూడకూడదని పట్టుబట్టి గోడకేసి చూస్తూ కూర్చుంది. మమ్మల్ని పిలిచారు. ఆమె బుగ్గల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి. సంతకం పెట్టేసింది.

నేను పెడుతుండగా వాళ్ల నాన్న వచ్చాడు. ఇంతమందికి చొక్కాలు కుట్టే మనిషి, తన చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. గుమ్మంలో ఆగిపోయాడు. ఆమె లేచి నిలబడింది గానీ అడుగు వేయలేదు. రావలసింది ఆయనేనని ఆమె పంతం. ఆయనే వచ్చాడు.

“ఆ రోజు మీ అమ్మ నిన్ను చూసిందమ్మా. పక్కలో పడుకోబెట్టుకుంది. దీని మూతి ముడవడం అచ్చం నీలాగే అని నన్ను చూసి నవ్వింది. ఆ తర్వాతే పోయింది. ఆ నవ్వు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. చెబితే నాకేం మిగలదనుకున్నాను.”

ఆమె బుగ్గలు తుడుచుకుంది.

“ఇంకేమంది?”

“ఏటా ఈ రోజు దీనికి కొత్త గౌను నువ్వే కుట్టాలి అంది. ఆ ఒక్కటీ నా వల్ల కాలేదు.”

“అయితే ఇప్పుడు కుట్టు నాన్నా,” అని ఆమె రెండు చేతులూ పక్కలకి చాచి నిలబడింది.

రిజిస్ట్రార్ తర్వాతి జంటని పిలుస్తున్నా ఇద్దరూ కదల్లేదు. టేపు తేలేదని ఆయన జానతోనే కూతురి భుజాలు కొలిచాడు. కొలుస్తూనే, పుట్టినరోజు శుభాకాంక్షలమ్మా అన్నాడు.