మోకు అవతలి కొస

నాచారంలో ఛాయాదేవిగారి ఇంటి వెనక నిద్రగన్నేరు చెట్టు మొదలు బోలుపోయి, వంటింటి కప్పు మీదికి ఒరిగింది. పక్క సందులో నిచ్చెనే తిరగదు, ఇక క్రేన్ మాట దేవుడెరుగు. కొమ్మలు ఒక్కొక్కటే కోసి, ప్రహరీ అవతల మూతబడ్డ ఫ్యాక్టరీ ఆవరణలోకి దింపడమొక్కటే దారి.

"గాలివాన అంటున్నారు బాబూ. రాత్రికి మా మీద పడదు కదా?" అంది ఆవిడ.

"ఫికర్ జెయ్యకున్రి అమ్మా. పొద్దుగూకే లోపట అయిపోతది," అన్నాడు చెట్లు కొట్టే కనకరాజు. మాటివ్వడంలో అతను ఎప్పుడూ వెనకాడింది లేదు.

పద్ధతి పాతదే. మోకును పై పంగ మీదుగా వేస్తారు. ఒక కొస కొమ్మకు కడతారు. రెండో కొస కింద బామ్మర్ది తిరుపతి పట్టుకుంటాడు. బరువు పట్టానని వాడు ఒకసారి గుంజితే, పైన కనకరాజు కోస్తాడు. రంపం మోతలో కేకలు వినబడవు గనక గుంజుడే మాట. తిరుపతి చుట్టూ తిరిగి ఫ్యాక్టరీ గేటుకు పోయాడు. కనకరాజు చెట్టెక్కి మోకు కొసను గోడ అవతలికి విసిరాడు. కాసేపటికి గుంజుడు వచ్చింది.

కోశాడు. కొమ్మ పసిపిల్లను దించినట్టు దిగింది. ముడి విడిపించుకుని కొస పైకొచ్చింది. వీడికి ఇవాళ బుద్ధి వచ్చిందని కనకరాజు మురిసిపోయాడు. ఆ హుషారులో కింది నుంచి పైదాకా కొమ్మలన్నీ కోసేశాడు. కాలు పెట్టడానికి మోడైనా మిగల్లేదు. దిగాలంటే ఆ మోకే నడుముకు కట్టుకోవాలి.

మబ్బు కమ్మింది. రంపం ఆపాడు. ఫోన్ మోగింది.

"బావా, వాచ్‌మన్ గిప్పుడే దొరికిండు. నేనింక గేటు బయట్నే ఉన్న. నువ్వు పని షురూ జెయ్యకు."

కనకరాజు కిందికి తొంగి చూశాడు. గోడ అవతల రేకుల షెడ్డు. దాని చీకట్లోకి పోయింది మోకు. తుప్పు వాసన, పచ్చి చెక్క వాసన... దింపిన కొమ్మ ఒక్కటీ కనబడలేదు.

"జల్ది లోపటికి రా," గుసగుసగా అన్నాడు.

"తాళం తీసినం బావా. గేటు జరుగుతలేదు. లోపల్నుంచి ఎవరో కొమ్మలు అడ్డం పెట్టిన్రు."

కనకరాజు మోకును తనవైపు లాగాడు. రాలేదు. ఇటు మిగిలింది బారెడే. గాలి లేచింది. కాళ్ళ కింద బోలు మాను పటపటమంది. ఉంటే చెట్టుతోపాటే కూలతాడు. కట్టుకుంటే... ఆపైన తలుచుకోవడానికి భయమేసింది.

మాను మళ్ళీ విరిగిన చప్పుడు. మోకును నడుముకు ముడేసుకున్నాడు.

అతను ఏమీ అనకముందే గుంజుడు వచ్చింది.

మెల్లగా... చాలా మెల్లగా... గోడకు ఒరుసుకోకుండా దిగాడు. ఫ్యాక్టరీ ఆవరణలో కాళ్ళు నేలకు తగిలాయి. దూరంగా తిరుపతి గేటు బాదుతున్నాడు. మోకు బిగువు సడలలేదు. షెడ్డులో ఎవరో దాన్ని రెండు చేతులా పట్టుకునే ఉన్నారు.

మరి అతని నడుము దగ్గర, వెనక నుంచి, ముడి విప్పుతున్న వేళ్ళు...