అడుగుమట్టి

భాద్రపద అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

నడినెత్తిన వెలగాల్సిన సూర్యబింబాన్ని కారుమేఘాలు కబళించాయి. ఆకాశం చీలినట్టు ఒక ఉరుము... దాని వెనుకే మరొకటి! పగటిపూట కూయరాని గుడ్లగూబ కంచరపాలెం మెట్ట మీద, బండల సందున కూసింది. రేవు వైపు నుంచి వీచిన గాలి ఇనుప ఖనిజపు ఎర్రధూళిని మోసుకొచ్చి, ఇళ్ళ పెంకుల మీదా ఆరేసిన బట్టల మీదా చల్లింది... నెత్తురు చిలకరించినట్టు!

మెట్ట మీద, ఎవరూ పోని రేకుల షెడ్డులో నీలకంఠం కళ్ళు తెరిచాడు. ఎదురుగా కుంకుమతో ఎర్రబారిన మానవ కపాలం! దాని నోటినిండా మట్టి... మనుషుల అడుగుల కింద నుంచి తీసిన మట్టి!

"పడు! పడు అసిరీ! ఈసారి లేవకూడదు!" అని వికటంగా గర్జించాడు.

అదే క్షణాన, కింద వీధిలో కుళాయి దగ్గర నుంచి బిందెతో వస్తున్న అసిరమ్మ కుప్పకూలిపోయింది. రాయి తగల్లేదు. కాలు జారలేదు. చదునైన నేల మీద ముసలి ప్రాణం ఒక్కసారిగా ఒరిగిపోయింది.

"ఓలమ్మో! అత్తా! మళ్ళీ పడిపోనావేటి?" కోడలు పోతమ్మ పరుగెత్తుకొచ్చింది.

"తూలనేదే పోతీ..." నుదుటి మీద నెత్తురు తుడుచుకుంటూ అంది అసిరమ్మ. "ఎవులో కాళ్ళ కింద నేలని సాపలాగ లాగీసినట్టుంటది."

పందొమ్మిది వందల ఎనభై ఒకటో సంవత్సరం అది. అసిరమ్మకి డెబ్భై దాటాయి. యంత్రాలు రాకముందు, నెత్తిన ఖనిజపు గంప పెట్టుకుని, అలలకు ఊగే చెక్క మీదుగా ఓడలోకి నడిచిన మనిషి. ఆ చెక్క మీద ఒక్కనాడూ అడుగు తప్పలేదు. అలాంటిది ఇప్పుడు సొంత వీధిలో పడకుండా నడవలేకపోతోంది! మణికట్టు విరిగి అతికింది, రెండు పళ్ళు రాలాయి. మనవడిని ఎత్తుకోవడం మానేసింది. వాడు ఏడ్చినా చేతులు చాచదు... పడితే వాడేమైపోతాడో అన్న భయం!

కొడుకు అర్జునరావు రేవులో కలాసీ. సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు చెవులు చూశాడు, కళ్ళు చూశాడు, రక్తపోటు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. "ఎందుకు పడుతున్నారో నాకూ అంతుపట్టడం లేదమ్మా. కర్ర పట్టుకుని నెమ్మదిగా నడవండి" అన్నాడు.

కర్ర పట్టుకుంది. కర్రతో సహా పడింది!

ఆమె ఒక్కతే కాదు. ఎదురింటి తవిటమ్మ గుమ్మంలో పడి, తుంటి విరిగి, మంచం మీదే పోయింది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన గంగాధరరావు స్నానాలగదిలో పడి మళ్ళీ కళ్ళు తెరవలేదు. వయసు అన్నారు అందరూ. ఆ మాటతో ఏడుపులు కూడా తొందరగా ఆగిపోయాయి...

అది వయసు కాదు! ఆ దారుణం వెనుక ఉన్నవాడు నీలకంఠం!

ఒకనాడు కాళ్ళు చచ్చుబడి, నేల మీద దేకిన ముసలివాడు వాడు. ఆ అవమానం భరించలేక శ్మశానాలు పట్టుకు తిరిగి, ఒక క్షుద్రశక్తిని వశపరచుకున్నాడు. ముసలివాళ్ళ నిలకడ దానికి ఆహారం. పడినవాళ్ళు ప్రాణం విడిస్తే, వాళ్ళ కాళ్ళలోని సత్తువ వాడిది! ఇప్పుడు ఎనభై ఏళ్ళు దాటినా మెట్ట మీదికి మేకపోతులా ఎక్కుతున్నాడు. కానీ అసిరమ్మ చావడం లేదు. పడుతోంది... లేస్తోంది. ఆకలితో ఉన్న ఆ శక్తి కపాలంలో బుసలు కొడుతోంది!

ఆవేళ అత్తని లేవదీస్తున్న పోతమ్మ కళ్ళబడ్డాడు... వీధి మలుపులో నీలకంఠం! ఎప్పుడు దిగి వచ్చాడో, వంగి, అసిరమ్మ అడుగు జాడలోని మట్టిని గోళ్ళతో గీరి మూటకడుతున్నాడు!

"అత్తా... సూడు! నీ అడుగుమట్టి అట్టుకుపోతన్నాడు!"

నీలకంఠం వికృతంగా నవ్వి మెట్ట మీదికి ఉరికాడు. అసిరమ్మ వాడి కాళ్ళనే చూసింది. గంప మోసిన రోజుల్లో తవిటమ్మ నడిచినట్టు, ఎడమకాలు కాస్త విసురుతూ నడుస్తున్నాడు వాడు...

"పద" అంది కోడలితో.

"ఎక్కడికి? ఆయనొచ్చినాక ఎల్దుం."

"ఇంకోపాలి పడి నెగిసే ఓపిక నాకు నేదే. పోయి అడుగుతాను."

కోడలి భుజం పట్టుకుని ఎక్కింది. రెండుచోట్ల పడింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. షెడ్డు తడిక తోసేసరికి లోపల పొగ, కుళ్ళువాసన... నీలకంఠం కపాలం ముందు నిలబడి ఉన్నాడు!

"నీ కాళ్ళతో నువ్వే వచ్చావా అసిరీ! ఇక ఆ కాళ్ళు నావి!"

కొత్త మట్టిని కపాలం నోట్లో కుక్కాడు. షెడ్డు గిరగిరా తిరిగింది. రేకులు దడదడలాడి, సందుల్లోంచి వాన కారింది. అసిరమ్మ పాదాల కింద నేల జర్రున జారింది. పోతమ్మ కెవ్వున అరిచింది!

అప్పుడు అసిరమ్మ చేసింది ఒక్కటే. పట్టుకోవడానికి చేతులు చాచలేదు. నిలబడాలని పెనుగులాడలేదు. అలిసిపోయిన మనిషి పని చాలించి కూర్చున్నట్టు, మెల్లగా నేల మీద చతికిలబడింది.

"కూకున్నాను. ఇంకెక్కడికి పడగొడతావు?"

నీలకంఠం ముఖం పాలిపోయింది. "లే! లేచి నిలబడు! నిన్ను భస్మం చేస్తాను!"

ఆమె వాడి వంక చూడలేదు. గాయాల అరచేతులు రెండూ నేలకి ఆనించింది. "తల్లీ... ఎన్నిమార్లు పడ్డా నువ్వే కదే ఒట్టుకున్నావు. ఇంక నెగలేను. నీ ఒళ్ళోనే ఉంటాను. నీ ఇట్టం..."

భూగర్భంలో ఎక్కడో ఒక మూలుగు... అది గర్జన అయింది! అసిరమ్మ వెన్ను నిటారుగా లేచింది. జుట్టు విరబోసుకుంది. కళ్ళు ఎర్రమట్టి రంగుకి తిరిగాయి. ఆమె నోటి నుంచి వచ్చిన గొంతు ఆమెది కాదు!

"నా మీద నిలబడే హక్కు నీకు లేదురా!"

కపాలం ఫెళ్ళున పగిలింది! మట్టి అంతా జలజలా నేలలోకి ఇంకిపోయింది. ఆహారం అందని క్షుద్రశక్తి, అక్కడ నిలబడి ఉన్న ఒకే ఒక్క ముసలివాడి మీదికి తిరిగింది. నీలకంఠం పడ్డాడు. లేచాడు. తుంటి విరిగి మళ్ళీ పడ్డాడు. దేకాడు. దేకుతున్నవాడిని ఎత్తి కుదేసింది. తవిటమ్మ పడిన పాటు, గంగాధరరావు పడిన పాటు... ఒక్కొక్కటే వాడి ఎముకల మీద విరుచుకుపడింది!

"అసిరమ్మా... పట్టుకో! నన్ను పట్టుకో..."

ఆ ఆర్తనాదం సగంలో తెగిపోయింది.

సాయంత్రం వచ్చిన పోలీసులకు ఏమీ బోధపడలేదు. కొండ మీద నుంచి దొర్లినట్టు నీలకంఠం ఒంట్లో ఎముకలన్నీ నుగ్గయ్యాయి. శవం మాత్రం చదునైన మట్టినేల మీద వెల్లకిలా పడి ఉంది.

అంతకుముందే, వాడి అరుపు తెగిన కాసేపటికి వాన వెలిసింది. అసిరమ్మ కళ్ళు మామూలు రంగుకు వచ్చాయి. పోతమ్మ ఏడుస్తూ చేయి అందించింది.

"అత్తా, నెగు. ఇంటికెల్దుం."

"ఉండే" అంది అసిరమ్మ, తడినేల మీద ఒక పక్కకి ఒరుగుతూ. "ఎవులూ పడగొట్టకుండా కాసేపు తొంగుంటాను."