ఎత్తిపోతల దగ్గర చక్కెర

మాచర్ల చెన్నకేశవస్వామి గుడి ముందు ఉస్మాన్ జీపు ఆపాడు. పొద్దుటి నుంచీ మబ్బు విడవలేదు.

రషీదాను చూడటానికి నరసరావుపేట నుంచి పెళ్లికొడుకు తల్లి హజ్రా బీ ఒక్కతే వచ్చింది. వాళ్ల ఆనవాయితీలో పెళ్లికొడుకు రాడు, పిల్లను చూసేది ఆడవాళ్లే. పిల్ల నచ్చింది. "ఇంత దూరం వచ్చా గదా, ఊరూ ఎత్తిపోతలా చూపించండి. తిరిగొచ్చి పిల్ల నోట్లో చక్కెర పెడతా" అంది. చక్కెర పెడితే సంబంధం ఖాయమైనట్టే.

రషీదా తల్లి జాన్‌బీ ఆమెకు గోపురం చూపించడానికి దిగింది. వెనక సీట్లో రషీదా మిగిలింది.

"బండికి బ్రేకులు బాగున్నాయా?"

"బాగానే ఉన్నాయి. ఏం?" అన్నాడు ఉస్మాన్. వాళ్ల పక్కింటి మెకానిక్ అతను.

"నీకే ఎక్కువున్నాయి. ఎప్పుడు చూసినా ఆగిపోయే ఉంటావు."

అతను అద్దం తుడిచాడు. అందులో ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వాళ్లకి మేడ ఉందంట" అన్నాడు.

"అయితే నువ్వే చేసుకో ఆ మేడని."

ఎత్తిపోతల జలపాతం చేరేసరికి వాన మొదలైంది. చంద్రవంక వాగు బురద రంగులో కిందికి దూకుతోంది. హజ్రా బీ కాసేపు చూసి, సంచిలోంచి పొట్లం తీసింది.

"ఇంటిదాకా ఎందుకు జాన్‌బీ, ఇక్కడే పెట్టేస్తా."

జాన్‌బీ తలూపింది. హజ్రా బీ చేతిలో చక్కెర వానకి తడుస్తోంది. రషీదా పెదాలు బిగించుకుని ఉస్మాన్ వంక చూసింది.

"ఖాలా, ఆగండి. రషీదాని నేను చేసుకుంటా" అన్నాడు ఉస్మాన్ జాన్‌బీతో.

నీళ్ల హోరులో ఎవరికీ వినపడలేదు. "ఏందిరా?" అంది జాన్‌బీ.

అతను అరిచి చెప్పాల్సి వచ్చింది. టీ బంకు దగ్గరున్న వాళ్లంతా తిరిగి చూశారు.

"ఇన్నాళ్లూ నోరు పడిపోయిందా నీకు? మా ఇంట్లో అన్నం తిన్నావు గదరా" అంది జాన్‌బీ. తర్వాత హజ్రా బీ వంక చూసింది.

హజ్రా బీ పిడికిలి మూసింది. "నన్నేం చూస్తావు? నీ కూతుర్ని అడుగు."

"నాకిష్టమే అమ్మీ" అంది రషీదా.

జీపు మాచర్ల తిరిగొచ్చింది. బస్టాండు దగ్గర దిగుతూ హజ్రా బీ, "పిల్లని కొట్టబాకు" అని మాత్రం అంది. జాన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది.

వాకిట్లో దిగి, ఉస్మాన్ వైపు చూడకుండానే అంది.

"రేపు మీ అమ్మని పంపు. నువ్వు మాత్రం రాబాకు."